పచ్చి పెంటికలు

మా ఇంట్లో పేడ నేలపాలైతే బంగారం పారేసుకున్నట్టే. వన్ టౌన్‌లో ఇరవై ఏళ్లు పైపుల కొట్టు నడిపినా ఆ రైతు బుద్ధి నన్ను వదల్లేదు. కొట్టు తమ్ముడికి అప్పగించి చల్లపల్లి దగ్గర మా చేలో గొర్రెల షెడ్డు వేశాను. చూసుకోవడానికి ఒక పెద్దాయన్ని పెట్టుకున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచీ గొర్రెల మధ్యే బతికిన మనిషి.

షెడ్డు ఊడ్చిన పెంటికలు ఆయన గోతిలో వేయబోతే నేనే ఆపాను. "పక్కనే గడ్డి మడి ఉంటే గోతిలో పోస్తావేంటయ్యా? మడిలో చల్లి నీళ్లు పెట్టు."

"పచ్చివి వద్దండీ, గోతిలో మాగనివ్వండి. ఆ గడ్డే కోసి వేస్తే గొర్రెలకి మళ్లీ పురుగు ఎక్కుద్దండీ" అన్నాడు.

నాకు చెబుతాడా! ఎరువు విలువ తెలిసిన ఇంట పుట్టినవాణ్ణి. నా మాటే సాగింది. గడ్డి ఏపుగా పెరిగితే వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాను.

వానలు పడ్డాక గొర్రెలు చిక్కిపోయాయి. కనురెప్ప తిప్పితే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. దవడల కింద నీరు దిగి సంచుల్లా వేలాడింది. కడుపులో పురుగు పోవడానికి నట్టల మందు తాగించేది ఆయనే కాబట్టి నా అనుమానం ఆయన మీదికే పోయింది. "మందు అమ్ముకుని నీళ్లు తాగించావు కదూ?" అన్నాను, పక్క చేలవాళ్లు వింటుండగా. ఆయన ఒట్లు పెట్టలేదు, అరవలేదు. తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుని, "మీ ఇష్టమండీ" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరూ ఆయన చేతికి మంద అప్పగించలేదు. అంతా నా నోటి పుణ్యం.

ఆ వారమే ఒక గొర్రె పోయింది. పశువుల డాక్టరు గారు పొట్ట కోసి చూపించారు. ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు, కుప్పలు కుప్పలు. డాక్టరు గారు మడి వైపు చూసి, "ఈ గడ్డికి ఎరువేంటండీ?" అన్నారు. చెప్పాను. "బాగుందండీ! ఓ చేత్తో మందు తాగిస్తారు, ఇంకో చేత్తో పురుగు మేపుతారు."

గుణదలలో వాళ్ల అక్క ఇంటి నుంచి అప్పుడే తిరిగొచ్చిన మా ఆవిడ సంగతి విని నా మీద విరుచుకుపడింది. "మందు పోసేటప్పుడు గొర్రెల తలలు పట్టుకుంది నేనే కదా! నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేది?"

ఆ పెద్దాయన్ని క్షమించమని అడగాలనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ నెలలు దొర్లాయి. ఒకరోజు వన్ టౌన్‌లో ఒక గోడౌన్ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో ఆయనే కనిపించాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అదీ నాకు సిగ్గే.

"గొర్రెలు ఎలా ఉన్నాయండీ?"

సగం మంద చచ్చింది. "బాగున్నాయి" అన్నాను. పాడు నోరు, అదే వచ్చింది.

"అయితే నేనొచ్చేశాకే బాగుపడ్డాయన్నమాట" అని కూర్చున్నాడు.

కాదు అనడానికి ఒక్క మాట చాలు. నేను ఆటో ఎక్కి వచ్చేశాను.