దూది తీసేసిన డబ్బా

నా పేరు సత్తెమ్మ. వయసు అరవై ఎనిమిదో తొమ్మిదో, సరిగా తెలియదు. సూర్యాపేటలో ఒక గది కిరాయి ఇల్లు. ఇంట్లో నేనూ, రెండు కోళ్లూ. ఒకప్పుడు హైవే మీద ఒళ్లమ్ముకుని బతికాను. నాకు హెచ్ఐవీ ఉంది, ఏళ్ల తరబడి గోళీలు మింగుతున్నాను. ఇవి నా సంగతులు కాబట్టి నా పేరుతోనే చెబుతున్నాను. చనిపోయిన మనిషి పేరు మాత్రం చెప్పను. అది ఆమె కోరిక.

పోయిన నెల ఒక పొద్దున కోళ్లకు నూకలు చల్లుతుంటే ఫోన్ వచ్చింది. "సెంటరమ్మ ఇగ లేదు" అన్నారు. నూకలు చేతిలోనే ఉండిపోయాయి. కోళ్లు నా కాళ్లు పొడుస్తున్నా నాకు తెలియలేదు.

సెంటరమ్మ అంటే హెచ్ఐవీ సెంటరు తరఫున మా ఆడవాళ్లకు నిరోధ్‌లు పంచి, పరీక్షలు చేయించి, గోళీలు ఇప్పించే మనిషి. ఒకప్పుడు మా పనే చేసి, మాలోంచి ఆ కొలువుకు వెళ్లినామె. నా బిడ్డ వయసు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్సుల్లోనే ఆమె బతుకు గడిచిపోయింది.

మొదటిసారి మా గల్లీకి వచ్చి, అప్పడాల కర్రకు నిరోధ్ తొడిగి చూపించింది. మేమంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం.

"ఇగ ఆ కర్రతోని రొట్టెలు చేస్తవా పిల్లా?" అన్నాను.

"చేస్తే ఫస్టు నీకే పెడత అత్తా. ముందుగాల నువ్వొచ్చి తొడుగు సూద్దాం" అని కర్ర నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు అత్తనే.

నా రక్తపరీక్షలో జబ్బు బయటపడినప్పుడు మూడు రోజులు తలుపు తీయలేదు. ఆమె గడప మీదే కూర్చుంది. "నువ్వు తీసేదాక నేను లేవ. నీ కోళ్లు నన్ను పొడిసి సంపుతున్నయి, ఆ పాపం నీదే" అని లోపలికి అరిచింది. తీయక తప్పలేదు.

ఊళ్లో తెలిసిన మొహాలు ఎదురవుతాయని గోళీలకు మిర్యాలగూడ దవాఖానకు వెళ్తానన్నాను. నెలనెలా తోడొచ్చింది. కిటికీ పక్క సీటు ఆమెది. మొదటి నెల తిరుగు బస్సులో నా సంచిలో డబ్బా గలగలమంటే అందరూ నన్నే చూస్తున్నట్టు చెమటలు పట్టాయి. ఆమె తన సంచిలోంచి ఇంత దూది తీసి డబ్బాలో కుక్కింది. "ఇగ సప్పుడు రాదు. నిమ్మలంగ పండుకో" అంది. ఆ ఉపాయం ట్రైనింగులో నేర్పారు కాబోలు అనుకున్నాను. ఎంత గుడ్డిదాన్ని!

దవాఖానలో ఆమెను ఎరగనివారు లేరు. "వచ్చినవా సెంటరమ్మా, ఇయ్యాల ఎంతమందిని తెచ్చినవ్?" అని నవ్వుతూ పలకరించేవారు. ఆమె మా మందుల పుస్తకాలు తీసి ఇచ్చేది.

మొన్న వానాకాలంలో బస్సులో ఆమె ఆపకుండా దగ్గింది. "దొంగతనంగ బీడీలు తాగుతున్నవా ఏందే?" అని ఎగతాళి చేశాను. రెండు వారాలు దగ్గితే టీబీ ఉందేమో తెమడ పరీక్షకు వెళ్లాలని మాకు వందసార్లు చెప్పిన మనిషి. ఆమె దగ్గు రెండు నెలలది. నేను నవ్వాను.

ఆఖరి రోజుల్లో మంచం మీద ఎముకలే మిగిలాయి. అందరినీ బయటికి పంపి, దిండు కింద నుంచి ఒక పాత డబ్బా తీసి నా చేతికిచ్చింది. అచ్చం నా డబ్బా లాంటిదే. ఖాళీ. అడుగున మాత్రం నల్లబడ్డ దూది.

"నాకు గూడ ఈ జబ్బు ఉండె అత్తా. ఈ కొలువుల చేరినంక గోళీలు మానేసిన. అందరు సెంటరమ్మ, సెంటరమ్మ అంటుంటే ఆ లైన్ల ఎట్ల నిలబడను?"

మా అందరి సిగ్గూ తీసి అవతల పారేసిన పిల్ల, తన సిగ్గు మాత్రం లోపలే దాచుకుంది. దాన్ని తీసేవాళ్లు ఎవరూ లేకపోయారు. నేను పక్క సీట్లోనే ఉన్నాను.

"నా పేరు చెప్పకు. సంగతి మాత్రం మనోళ్లకు చెప్పు" అంది. అదే ఆఖరి మాట.

ఆమె ఇంటివాళ్లు కామెర్లతో పోయిందని చెప్పుకున్నారు. చెప్పుకోనీ. కానీ మావాళ్లు కొందరు అది నమ్మలేదు. గోళీలు ఇప్పించినామే అవి మింగుతూ పోయిందనుకుని తామూ గోళీలు మానేశారు. కోదాడ పిల్ల ఒకతి తన డబ్బాను సాగర్ కాలువలో విసిరేసింది. వెళ్లి అడిగాను.

"ఆవిడే పోయింది కదా అత్తా, ఇంక మనల్నేం బతికిస్తాయి ఆ మాత్రలు?" అంది.

జుట్టు పట్టుకుని లాగుదామనిపించింది. లాగలేదు. ఆ పిల్ల గడప మీద కూర్చుని, సెంటరమ్మ ఖాళీ డబ్బా చూపించి, అంతా చెప్పాను. అందుకే ఇక్కడా చెబుతున్నాను, వినండి. గోళీలు సెంటరమ్మను చంపలేదు. మానడం చంపింది. దగ్గును దాచడం చంపింది.

ఈ మంగళవారం కోదాడ పిల్ల నాతో మిర్యాలగూడ వచ్చింది. కొత్త డబ్బా తీసుకుని, దూది కుక్కి, ఒళ్లో కొంగు కింద పెట్టుకుంది. ఆ పిల్ల దూది ఆ పిల్లకు ఉండనీ. నా డబ్బాలోది నేను తీసేశాను. కిటికీ పక్క సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు, నా సంచి పెట్టాను. గతుకు వచ్చినప్పుడల్లా డబ్బా గలగలమంది.

"ఏం సప్పుడమ్మా అది?" అని ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

"నా గోళీలు నాయనా" అన్నాను.

సూర్యాపేట వచ్చేదాకా అది మోగుతూనే ఉంది.

ఇది నేను చెప్పగా సెంటరులో నర్సు సరోజ రాసి, తిరిగి చదివి వినిపించింది. నా ఎడమ బొటనవేలి ముద్ర ఇదిగో.

సాక్షులు: సరోజ, మా పక్కింటి యాదమ్మ. మూడో సాక్షి కోదాడ పిల్ల. పేరు రాయొద్దంది. నా వేలిముద్ర పక్కన తన వేలు నొక్కింది.