ప్రీతి రక్తంలో సీసం: ఒక్క పరీక్ష కోసం ఢిల్లీ అంతా

మా ఐదేళ్ల ప్రీతి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఇద్దరు డాక్టర్లు నులిపురుగుల మందు రాసి పంపేశారు. అప్పట్లో మేము మయూర్ విహార్ వెనక ఒక గల్లీలో, మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటి యజమానిదే, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే దుకాణం. దాని పొగంతా మా కిటికీలోకే వచ్చేది. మూడో డాక్టరు ఆ సంగతి విని, రక్తంలో సీసం ఎంతుందో వెంటనే చూపించమన్నారు. ఎక్కడ చూస్తారో మాత్రం ఆయనకూ తెలియదు.

పొద్దున ఏడింటికి బ్లూలైన్ అనే ప్రైవేటు బస్సెక్కాం. ధౌలా కువాన్‌లో దిగి, ఆటోలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడ్డాక కౌంటర్లో మనిషి తలెత్తకుండానే, "యే టెస్ట్ యహా నహీ హోతా" అన్నాడు, ఈ పరీక్ష ఇక్కడ చెయ్యరట.

"రాజధానిలో ఇంత ఆసుపత్రి కట్టుకుని, పసిపిల్ల ఒంట్లో విషం ఉందో లేదో చూడలేరా?" అని హిందీలో అరిచేశాను.

"నా మీద అరిస్తే ఏం లాభం, మేడమ్?" అన్నాడు.

ఆ గొడవకు, నా హిందీలో తెలుగు యాస పట్టేసి ఒక నర్సు దగ్గరికొచ్చింది. "తెలుగువాళ్లాండీ? మాది ఏలూరు. వసంత్ కుంజ్‌లో ఒక ల్యాబ్ ఉందండి, ఈ పరీక్షకు రక్తం అక్కడ తీసుకుంటారు. సూది వేసే ముందు పాప చెయ్యి సబ్బుతో బాగా కడిగించండి. చర్మం మీద సీసం దుమ్ముంటే లెక్క తప్పొస్తుంది."

మళ్లీ ఆటో. మీటరు వెయ్యనన్నాడు, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాం. రక్తం తీశాక ప్రీతి కళ్లు తుడుచుకుంటూ, "మమ్మీ, అబ్ ఘర్ చలే?" అంది, ఇక ఇంటికెళ్దామా అని. ఇల్లంటే ఆ పొగే కదా!

వారానికి రిపోర్టు వచ్చింది. సీసం చాలా ఎక్కువగా ఉంది. "మందుల కంటే ముందు ఇల్లు మారండి. నెలయ్యాక మళ్లీ పరీక్ష చేద్దాం" అన్నారు డాక్టరు. మేము వెళ్లే చర్చిలో పరిచయమైన ఒక ఆంటీ తన ఇంట్లో ఒక గది ఇచ్చారు. సామాను తెచ్చుకోవడానికి పాత గదికి వెళ్తే, యజమాని అప్పటికే దాన్ని చంటిబిడ్డతో వచ్చిన ఒక జంటకు చూపిస్తున్నాడు. వాళ్ల ముందే రిపోర్టు తీసి సంగతి చెప్పాను.

"అరే దీదీ, మీ పాపకి జబ్బైతే నా దుకాణం ఏం చేసింది?" అన్నాడతను.

ఆ తల్లి నా చేతిలో రిపోర్టు చూసింది. బిడ్డను భుజానికెత్తుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

ప్రీతి రక్తంలో సీసం ఇప్పుడు మెల్లగా తగ్గుతోంది. దుకాణం మాత్రం నడుస్తూనే ఉంది. ఫిర్యాదు పట్టుకెళ్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. విషం గాల్లోకి వదిలేవాడు హాయిగా కూర్చుంటే, దాన్ని కనిపెట్టడానికి తల్లి బిడ్డను చంకనేసుకుని ఊరంతా తిరగాలా? ఈ కోపం నాకు చల్లారదు, చల్లారకూడదు కూడా.

మీరూ మీ పిల్లల కోసం బయలుదేరుతుంటే ముందు ల్యాబుకు ఫోన్ చేసి, సీసం పరీక్ష చేస్తారో లేదో కనుక్కోండి. ఇంట్లో ఇంకా పిల్లలుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. నొప్పని ఏడవని బిడ్డ రక్తంలోనూ అది ఉండొచ్చు.