ఊపిరాడని బిడ్డకు ‘ఆమెన్’ అని జవాబిచ్చాను

నిన్న సాయంత్రం మీ ఇంట్లో ఎవరు దేనికి బాధపడ్డారో, సహోదరులారా, మీరు చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను, అదీ ఒకే కప్పు కింద ఉండి!

నేను కంకిపాడులో సైన్సు మాస్టారిని, రుజువు లేనిదే ఏదీ నమ్మవద్దని పిల్లలకు బోధించేవాణ్ణి. మా కుటుంబ ప్రార్థన మాత్రం రోజూ ఏడింటికి ఫోన్ గ్రూపులో జరిగేది. నా భార్య సువార్త వంటింట్లోంచి ప్రార్థన రికార్డు చేసి పెట్టేది, హాల్లో టీవీ చర్చ చూస్తూ నేనూ, మేడ మీద ఇంటర్ చదువుకుంటూ మా అమ్మాయి కెజియా ‘ఆమెన్’ అని కొట్టేవాళ్లం. వినకుండానే!

ఒకరోజు ఆ వేళకే గ్రూపులో ఏదో వచ్చింది, అలవాటుగా ఆమెన్ కొట్టాను, సువార్త చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. అంతలో కరెంటు పోయింది. టీవీ, మిక్సీ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, మేడ మీద ఎవరో నేలను బాదుతున్న చప్పుడు!

పరుగెత్తాం. కెజియాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. మంచం పక్కన కూలబడి ఉంది, పెదవులు నల్లబడ్డాయి, ఇన్‌హేలర్ ఖాళీ. గొంతు పెగలక గ్రూపులో రాసింది: “అమ్మా నాన్నా, ఊపిరాడట్లేదు, పైకి రండి.” దాని కింద నా ఆమెన్!

“ఆమెన్ కొట్టారుగా, ఇంకేం, వెళ్లి టీవీ చూసుకోండి!” అని అరిచిన సువార్త, తన జవాబు కూడా చూసుకుని ఫోన్ పక్కన పడేసి బిడ్డను లేవనెత్తింది.

ఆటోలో విజయవాడ చేరేదాకా ఒక్కటే ప్రార్థన: “ప్రభువా, చదవకుండా ‘అలాగే జరుగు గాక’ అని నేనన్న ఆమెన్‌ను లెక్కలోకి తీసుకోకు, దీని ఊపిరి ఆపకు!” ఒక డాక్టరమ్మ చేతుల మీదుగా దేవుడు మా బిడ్డను మాకు తిరిగి ఇచ్చాడు. దేవునికే మహిమ! కరెంటు పోవడం అద్భుతమని నేను చాటను, మా వీధిలో అది రోజూ పోయేదే. బిడ్డ మొర తండ్రి చెవిన పడాలంటే కరెంటు పోవలసి వచ్చింది, నన్ను వణికించేది అదే.

ఇప్పుడు ఏడింటికి ఫోన్లూ టీవీ ఆపి చాప మీద కూర్చుంటున్నాం. మొదటి రోజు ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. చివరికి కెజియానే, “నాన్నా, లైవ్‌లోనే ఉన్నావా? వాయిస్ రావట్లేదు” అంది. నవ్వాం, కాని ఆ నవ్వు వెనక దాని గొంతులో పిల్లికూతలు వినబడి నాకు చెమటలు పట్టాయి. ఆ భయం పోలేదు, పోవాలని నేను ప్రార్థించను కూడా.

దేవుణ్ణి నమ్మండి, ఆయన వింటాడు. కాని మీరు వినవలసినది ఆయన మీదికి నెట్టేయకండి. ఈ పత్రిక మూసి లేవండి, పక్క గదిలోకి వెళ్లి మీ వాళ్ల ముఖం చూసి “ఎలా ఉన్నావ్?” అని అడగండి, జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి!