సూది పెట్టాలా, వద్దా

నేను రిటైరవడానికి అయిదేళ్ల ముందు, ఒక అక్టోబరు నెలలో, అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఒకటి నన్ను తన దూరవైద్య విభాగంలో పిల్లల రేడియాలజిస్టుగా చేర్చుకుంది. జీతం లేదు, ప్రయాణం లేదు. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో మా ఇంట్లోనే కూర్చుని, యుద్ధాలూ వరదలూ ఉన్నచోట గుడారాల్లో పనిచేసే డాక్టర్లు పంపే ఎక్స్‌రేలు చూసి అభిప్రాయం రాయాలి. అదీ నా పోస్టింగు.

నిజం చెప్పాలంటే నేను దరఖాస్తు పెట్టుకున్నది అక్కడికి వెళ్లడానికే. వాళ్లకి కావలసింది సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు. చీకటిగదిలో కూర్చుని ఫిల్ములు చదివే మనిషిని గుడారంలో ఏం చేసుకుంటారు? మర్యాదగానే చెప్పారు, కానీ నాకు చాలారోజులు మనసు మనసులో లేదు. గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పిల్లల వార్డులోకి అడుగుపెట్టగానే ఏ మంచం ఖాళీ అయిందో, ఏ పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ తింటోందో కళ్లారా చూసేదాన్ని. అమెరికా వచ్చి రేడియాలజీలో పడ్డాక అది పోయింది. జబ్బు పేరు రాస్తాను, రోగి ఏమయ్యాడో వేరేవాళ్లు చూస్తారు. ఇరవై ఏడేళ్లు అలాగే గడిచింది.

పని పద్ధతి ఇది. ఫీల్డులో ఉన్న డాక్టరు కేసుని సంస్థవారి వెబ్‌సైటులో పెడతాడు. రోగి పేరు ఉండదు. వయసు, బరువు, లక్షణాలు, ఫొటోలు మాత్రమే. కోఆర్డినేటర్ అనే ఆయన ఒకరు దాన్ని చూసి, తగిన స్పెషలిస్టుకి పంపిస్తాడు. మేము జవాబు రాస్తాం. రెండు వారాల తర్వాత, రోగికి ఏమైందో చెప్పమని కంప్యూటరే ఆ డాక్టరుకి ఒక ఫారం పంపుతుంది. దాన్ని నింపేవాళ్లు తక్కువ. వాళ్లని తప్పుపట్టను, అక్కడ ఊపిరి సలపదు.

చేరిన మూడో వారం, ఆదివారం పొద్దున మా ఆయన ప్రసాద్ పెసరట్లు వేస్తుంటే ఫోన్ మోగింది. కేసు వచ్చింది. నాలుగేళ్ల పాప, పన్నెండు కిలోలు, పది రోజులుగా జ్వరం. అయిదు రోజులుగా ఇంజెక్షన్లు ఇస్తున్నా తగ్గలేదు, ఆయాసం పెరుగుతోంది. ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ అద్దానికి ఆనించి ఫోన్‌తో తీసిన ఫొటో పెట్టారు. ఎడమ వైపు ఛాతీ మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

అలా తెల్లగా ఉండటానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఊపిరితిత్తి చుట్టూ నీరో చీమో నిండి ఉండాలి, లేదా ఏ గింజో పలుకో ఊపిరిగొట్టంలోకి జారి అడ్డంపడి ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండాలి. మొదటిదైతే పక్కటెముకల మధ్య సూది పెట్టి చీము తీస్తే పాప ఊపిరి పీల్చుకుంటుంది. రెండోదైతే తీయడానికి అక్కడ ఏమీ ఉండదు. సూది ఊపిరితిత్తిలోకి పోతుంది, ఒక్కోసారి ఆ పక్కకి లాక్కోబడిన గుండెలోకే పోతుంది.

నేను రాసిన రిపోర్టు ఇదీ: నీరు గానీ చీము గానీ ఉండవచ్చు; ఊపిరితిత్తి ముడుచుకుని ఉండవచ్చు; రెండూ ఉండవచ్చు; పాప పక్కకి తిరిగి ఉన్నందున నిర్ధారించలేము; అల్ట్రాసౌండ్, వీలైతే సీటీ స్కాన్ చేయించడం మంచిది. ఈ దేశంలో మేం రిపోర్టు రాస్తుంటే పక్కన లాయరు కూర్చున్నట్టే ఉంటుంది, అలా రాయడం చేతికి అలవాటైపోయింది. ఒక్క తప్పు లేదు అందులో. నా మొహం, ఉపయోగం కూడా లేదు. పంపేసి పెసరట్టు ముందు కూర్చున్నాను.

రెండు ముక్కలు తిన్నానో లేదో జవాబు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు! నా పేరు చూసి తెలుగుదాన్నని గుర్తుపట్టాడట. పేరు రవీందర్, వరంగల్ కుర్రాడు, మొదటి మిషన్.

"మేడమ్, సీటీ ఉన్న ఊరికి పోవాల్నంటే మూడు దినాలు, నడుమ ఏరు దాటాలె. అల్ట్రాసౌండ్ ఖరాబైంది. ఇక్కడ పొద్దు గూకుతోంది, జనరేటర్ల డీజిల్ లేదు. సూది పెట్టాల్నా, వద్దా? ఒక్కటి చెప్పుండ్రి."

ఒళ్లు మండింది, అతని మీద కాదు. ఆ క్షణంలో లేచి వెళ్లి ఆ పాప వీపు మీద వేళ్లతో తట్టి వినాలనిపించింది. నీరుంటే మొద్దుగా వినిపిస్తుంది. హౌస్ సర్జన్‌కి కూడా వచ్చే విద్య. కానీ పాప అక్కడుంది, నేను పదివేల మైళ్ల దూరంలో వంటగదిలో ఉన్నాను. రవీందర్ తట్టి చూశాడట, పాప ఏడుపులో ఏమీ తేల్చుకోలేకపోయాడట.

ఫొటో మళ్లీ చూశాను. అప్పుడు కనిపించింది, ఫొటోలో ఫిల్ము కింది భాగం లేదు. ఛాతీ మీదే దృష్టి పెట్టి మిగతాది వదిలేశాడు మహానుభావుడు! ఎడమ ఊపిరితిత్తి కింద కడుపు ఉంటుంది, అందులోని గాలి ఎక్స్‌రేలో నల్లటి బుడగలా కనిపిస్తుంది. పైన చీము నిండితే ఆ బుడగ కిందికి తోసుకుపోతుంది. ఊపిరితిత్తి ముడుచుకుంటే పైకి లాక్కోబడుతుంది. "ఫిల్ముని సగం కోసి పంపిస్తే నేనేం చెప్పను నాయనా? కింది దాకా మొత్తం తీసి పంపించు, వెంటనే" అని గట్టిగానే రాశాను. మొదట నేనే అడగాల్సిన మాట అది. అడగకుండా సీటీ స్కాన్ చేయించమని సలహా ఇచ్చాను.

ఇరవై నిమిషాలకి వచ్చింది. ప్రసాద్ స్టవ్ కట్టేసి నా వెనకాల నిలబడ్డాడు. బుడగ బాగా కిందికి దిగి ఉంది. ఎడమ పక్కటెముకలు కూడా లోపలి ఒత్తిడికి ఎడంగా జరిగి ఉన్నాయి. నూటికి నూరు కాదు, ఏడ్చే పిల్ల గాలి మింగితే బుడగ మారుతుంది. ఆ మాట రాయబోయి చెరిపేశాను. "చీమే. పెట్టండి. చంక కింద, అయిదో పక్కటెముక పై అంచుని ఆనుకుని పెట్టండి" అని రాశాను. నా ఉద్యోగంలో 'ఉండవచ్చు' లేకుండా నేను రాసిన మొదటి రిపోర్టు అదే అనుకుంటాను.

"సరే మేడమ్" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ రోజంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. రెండు వారాలకి ఫారం వెళ్లింది, ఖాళీగానే ఉండిపోయింది. కోఆర్డినేటర్‌కి రాస్తే, ఆ డాక్టరు కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయాడనీ, కేసు మూసేశాక రోగి వివరాలు అడగడం నిబంధనలకి విరుద్ధమనీ జవాబిచ్చారు. సబబే. నేను వాళ్ల స్థానంలో ఉన్నా అలాగే అనేదాన్ని. కానీ గ్రోసరీ స్టోర్‌లో బండిలో కూర్చున్న నాలుగేళ్ల పిల్లని చూస్తే చాలు, కళ్లు దాని ఛాతీ మీదికే పోయేవి, రెండు వైపులా సమంగా లేస్తోందా అని. "ఇంతమంది జబ్బులు చూశావు, ఈ ఒక్కదాని కోసం ఏంటి వసూ?" అనేవాడు ప్రసాద్. ఆ పిల్లని చూడాలని ఉండేది, అంతే.

రిటైరైన ఏడాది డాలస్ పక్కన కాపెల్‌లో మా చెల్లెలి ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర మా మరిది ఒకబ్బాయిని తీసుకొచ్చి, డాలస్‌లో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తున్నాడనీ, అంతకుముందు మా సంస్థలోనే డాక్టరనీ పరిచయం చేశాడు. పేరు రవీందర్, ఊరు వరంగల్. చేతిలో ప్లేటు కింద పెట్టేసి నా పేరు చెప్పాను.

"అబ్బ, మేడమ్! ఫిల్ము సగం కోసి పంపినవని తిట్టిన మేడమ్ మీరే గద!" అని ఒకటే నవ్వు. "ఆ దినం నుంచి ఒక్క ఫిల్ము గూడ కోయలేదు మేడమ్."

"ఆ పాప ఏమైంది బాబూ?" అన్నాను.

"ఏ పాప మేడమ్?"

వయసు చెప్పాను, బరువు చెప్పాను, ఎడమ వైపు అన్నాను, అది ఏ ఆదివారమో కూడా చెప్పాను. పాపం, అతని నవ్వు పోయింది. "మస్తు మంది వచ్చిండ్రు మేడమ్, అసొంటి పిల్లలు. సూది పెడుతుంటిమి, ట్యూబ్ ఏస్తుంటిమి. బాగైనోళ్లు తల్లి సంకనెక్కి పోయేటోళ్లు, మల్ల యాదికుండరు. పోయినోళ్లు మాత్రం ఒక్కొక్కరు యాదికున్నరు."

అడక్కుండానే చెప్పుకుంటూ పోయాడు. అన్నం చల్లారిపోయింది. తండ్రి చొక్కా వేసుకుని వచ్చిన పిల్లవాడు. కవలల్లో చిన్నది. మలేరియాతో మూడు గంటలే ఉన్న పసిగుడ్డు. ఒక్కొక్కరినీ వింటూ నేను ఎడమ ఛాతీ కోసం వెతుక్కున్నాను. ఎవరూ ఆ పాప కాదు.

"అయితే నీ చేతుల్లో పోలేదు" అన్నాను.

"నా చేతులల్ల పోలేదు. పోతే యాదికుండేది. కని మేడమ్, మీరు చెప్పిన ఆదివారమైతే, దాని తర్వాత నాలుగు దినాలకే నేను ఎల్లిపోయిన. ఆ మీదట నాకు తెల్వదు."

అబద్ధం చెప్పి నన్ను సంతోషపెట్టవచ్చు, చెప్పలేదు. అందుకు అతని మీద గౌరవం కలిగింది. చేతులు కడుక్కుని వచ్చి, ఇద్దరం పాయసం తిన్నాం.

నాలుగు రోజులు. ఛాతీలో చీము తీసిన పిల్ల నాలుగు రోజులు నిలిచిందంటే కొంత నమ్మకం ఉంచుకోవచ్చు. రుజువు మాత్రం కాదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే రేడియాలజిస్టులకి నేను రెండు సంగతులు చెబుతాను. ఫిల్ము మొత్తం అడిగి తెప్పించుకోండి. జవాబు మొదటి వాక్యంలోనే రాయండి. మూడోది చెప్పను, ఎందుకంటే అది నేనే నేర్చుకోలేకపోయాను. దూరాన ఉండి జవాబిచ్చేవాళ్లకి ఫలితం తెలియాలన్న నియమం లేదు, తెలియకపోయినా మర్నాడు ఇంకో కేసు తెరవాలి. తెరిచాను, చాలానే తెరిచాను. కానీ ఆ పాప బతికిందో లేదో నాకింకా తెలుసుకోవాలనే ఉంది.