ఉంగి అనని మాట

కడియంలో మామిడి అంటు కట్టడంలో లోవమ్మను మించినవాళ్లు లేరు. ఆవిడ పొద్దున కట్టిన కొమ్మకు మధ్యాహ్నానికి కాయ వేలాడిందని నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ లారీ డ్రైవర్లు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం అబద్ధం ఒక్కటే ఉంది. అది అప్పుడు ఆడినది.

మా అన్నగారబ్బాయి బంగార్రాజు నర్సరీలో ఆడకూలీలకు లోవమ్మే మేస్త్రీ. పదహారేళ్లప్పుడు తుని నుంచి ఒంటరిగా పనికొచ్చిందట. మొదటి ఏడాది మనుషులతో మాట్లాడలేదని, మొక్కల్ని మాత్రం నోరారా తిట్టేదాన్నని చెప్పేది. అందుకే కాబోలు, కొత్తగా వచ్చిన పిల్ల తింటోందా, నిద్రపోతోందా అని ఎవరూ అడక్కుండానే కనిపెట్టుకుని ఉండేది.

2006 ఎండాకాలంలో ఉంగి వచ్చింది. పదిహేడేళ్లుంటాయి. చింతూరు అవతల అడవిలో గొడవలకు ఊరు వదిలి, పిన్ని వెంట నడిచి వచ్చిందని మాత్రం తెలుసు. పిన్ని వేరే ఊరికి మిరప కోతకు పోయింది. ఈ పిల్లకు కోయ తప్ప తెలుగు రాదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేసేది. కవర్లలో మట్టి నింపుతూ నింపుతూ ఉలిక్కిపడి గాలి వాసన చూసేది. రోజురోజుకీ చిక్కిపోతోంది.

"పిల్ల మనసులో ఏదో ఉందండి. అదేంటో తెలియకపోతే మనకు దక్కదు," అంది లోవమ్మ. అని నన్ను పిలిపించింది.

రాజమండ్రి కాన్వెంటులో ఫాదర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కనుక నాకు రాని భాష లేదని పేరు. అదీగాక కోయ మాట వచ్చని ముప్పై ఏళ్లుగా నేనే చెప్పుకుంటున్నాను. అడవిలో పులి ఎదురైతే దానితో కోయలో మాట్లాడి, ఫాదర్లు నేర్పిన ప్రార్థన చెప్పించి పంపేశానని నా కథ. పులి చివర్లో ఆమెన్ అందా లేదా అన్న దగ్గరే పిల్లలకు అనుమానం.

"అడగండి తాతగారూ, ఏం కావాలో," అంది లోవమ్మ.

నేనేదో గొణిగాను. ఉంగి నా ముఖంలోకి చూసి గబగబా మాట్లాడింది. మూడు వారాల్లో అదే మొదటిసారి. చెత్తకుప్ప వైపు చెయ్యి చాపి కళ్లనీళ్లు పెట్టుకుంది. కత్తిరించిన కొమ్మలూ ఎండుటాకులూ అక్కడ పాత బూడిద మీదే పోగేసి నెలకోసారి తగలబెడతారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"మట్టి మొయ్యలేకపోతోందట. కుప్ప దగ్గర కూర్చునే పని ఇమ్మంటోంది," అన్నాను.

"అంతేనా, నా తల్లే," అంది లోవమ్మ. మర్నాడే కుప్ప అంటించే రోజు. ఉంగి చేతికి కర్ర ఇచ్చి, మంట ఎగదోస్తూ నీడలో కూర్చోమని సైగ చేసింది.

నేను వెళ్లేసరికి పొగ కమ్ముకుని ఉంది. కర్ర కింద పడి ఉంది. పిల్ల లేదు. కుప్ప పక్క వరుసలో ముప్పై మామిడి అంట్లు కూడా లేవు.

"చూశారా బాబాయ్? మొక్కలతో సహా ఉడాయించింది," అన్నాడు బంగార్రాజు.

"ముప్పై మొక్కలు నెత్తిన పెట్టుకుని ఎవరు ఉడాయిస్తారండి? ముందు కాలువ దగ్గర చూడండి," అంది లోవమ్మ.

ఆ మాట అంటూనే లోవమ్మ పరుగెత్తింది. వెనకాల నేను. ఆ పిల్ల ఏం చెప్పిందో, నేనేం చెప్పానో, రెండూ చెవుల్లో మోగుతున్నాయి.

ఉంగి నడుంలోతు నీళ్లలో ఉంది. అంట్లన్నీ ఒడ్డున, నీటి అంచునే వరసగా పెట్టి ఉన్నాయి. ఆఖరిదాన్ని గుండెకు హత్తుకుని వణికిపోతోంది. మంట తాకకుండా అన్నిటినీ మోసుకొచ్చింది.

"కట్లన్నీ తడిసిపోయి..." అనబోయాడు బంగార్రాజు. లోవమ్మ చూసిన చూపుకు ఆగిపోయాడు.

ఆవిడ చీరతోనే నీళ్లలోకి దిగింది. పిల్ల చెయ్యి పట్టుకు లాగలేదు. ఒడ్డునున్న మొక్క ఒకటి తీసుకుని, తనూ అలాగే హత్తుకుని పక్కన నిలబడింది. చాలాసేపటికి ఉంగి తనంతట తనే ఒడ్డుకొచ్చింది.

"నాకు కోయ రాదు లోవమ్మా," అన్నాను.

ఆవిడ చీర కుచ్చెళ్లు పిండుకుంటోంది. "మీ అబద్ధాలు మీ నోట్లో ఉంచుకోండి తాతగారూ. పిల్ల నోట్లో పెట్టకండి," అంది.

మర్నాడు రాజమండ్రి బజారులో చింతపండు అమ్ముకునే అప్పాయమ్మను వెతికి తెచ్చింది. ఆమెకు నిజంగానే కోయ వచ్చు. ఉంగి ఆరోజు నాతో అన్నది ఇంతే: ఆ కుప్ప అంటించే రోజు ముందుగా చెప్పండి, నేను దూరంగా ఉంటాను. వాళ్ల ఊరిని తగలబెట్టారట.

అప్పటి నుంచి చెత్త గోతిలో వేసి మట్టి కప్పేవాళ్లు. ప్రతి మంగళవారం లోవమ్మ, అప్పాయమ్మను తోడు తీసుకుని, ఉంగిని కాకినాడ పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్లేది. రెండు వారాలయ్యాక బంగార్రాజు విసుక్కున్నాడు. "ఇంకా ఎన్నాళ్లు లోవమ్మా?"

"అంటు కట్టి మూడు నెలలు కదపరు మీరు. పిల్ల మాత్రం మూడు రోజుల్లో లేచి తిరగాలేంటండి?"

కార్తీకంలో ఒక మధ్యాహ్నం పక్క చేలో ఎవరో గడ్డి తగలబెట్టారు. మాకెవరికీ ముందుగా తెలియలేదు. పొగ ఇటు తిరిగింది. ఉంగి లేచి, చేతికందిన మొక్క తీసుకుని లోవమ్మ వైపు చూసింది. ఏం లేదు, కూర్చో అంటుందేమో అనుకున్నాను. లోవమ్మ ఒక మొక్క చంకనెత్తుకుంది. షెడ్డులో ఆడవాళ్లంతా తలో మొక్కా తీసుకున్నారు. నాకూ ఒక క్రోటన్ అంటగట్టారు.

కాలువకు సగం దూరంలో ఉంగి ఆగింది. వెనక్కి తిరిగి పొగను చాలాసేపు చూసింది. తర్వాత మొక్కను కింద పెట్టింది. ఇంకా వణుకుతూనే ఉంది. లోవమ్మ కూడా తన మొక్కను దాని పక్కనే పెట్టి, అక్కడే కూర్చుంది.