సొట్ట కంచం సాక్ష్యం

వృత్తం బయటి బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖలూ సమానమని నిన్న మా పెనుకొండ బడిలో చెప్పి, ఇంట్లో కంచం బోర్లించి బొమ్మ గీసి, కొలిచి రమ్మన్నాను. ఈ రోజు అందరూ సమానమనే రాసుకొచ్చారు. రైటు కొట్టాను. మంజులకు మాత్రం అర సెంటీమీటరు తేడా! ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

ఆ పిల్ల వెంటనే సంచిలోంచి కంచం తీసింది.

"నేను సరిగ్గానే కొలిచినా సార్. మా అవ్వ కోతి మీదికి ఇసిరింటే ఈ తట్టకు సొట్ట పడిండాది, సూడండి."

అనుమానమొచ్చి మిగతా వాళ్ల బొమ్మలన్నీ స్కేలు పెట్టి చూశాను. కంటి అంచనాతో గీసిన ఆ స్పర్శరేఖలు ఒక్కరివీ సమానంగా లేవు. ఎవరూ కొలవనే లేదు!

మంజులకు పదికి పది వేశాను. స్కేలు ముట్టకుండా అందరికీ రైటు కొట్టిన ఈ లెక్కల మాస్టారికి ఎన్ని వేయాలో మీరే చెప్పండి.