నూనె పోసిన ల్యాప్‌టాప్‌లో మూడో చరణం

ముందే ఒక మాట చెప్పాలి. లేఖనాల్లో దయ్యాల ప్రస్తావన ఉంది, దాన్ని నేను కాదనను. కానీ చనిపోయినవాళ్లు తిరిగొచ్చి గిన్నెలు కదిలిస్తారని, పేరు పెట్టి పిలుస్తారని ఎవరు చెప్పినా నేను ఏనాడూ నమ్మలేదు. ప్రభువులో నిద్రించినవాళ్లు విశ్రాంతిలో ఉంటారు. సండే స్కూల్లో పిల్లలకు ఎన్నో ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. ఇకముందూ ఇదే చెబుతాను. కాకపోతే ఈ మధ్య ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం ఆగుతున్నాను.

నేను నంద్యాలలో లెక్కల టీచర్ని. మా నాయన ఆళ్లగడ్డలో రాతిపనివాడు. ఊళ్లో చాలామంది విగ్రహాలు చెక్కుతుంటే ఆయన సమాధి రాళ్లు, చర్చీల శంకుస్థాపన పలకలు చెక్కి మమ్మల్ని చదివించాడు. రాహేలు అత్త, అంటే నాయన అక్క, ఆయనతోనే ఉంటుంది. మా చెల్లెలు సునీతది పక్కవీధి.

ఆళ్లగడ్డ సంఘంలో పాట ఎత్తేది మా నాయనే. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. మొన్నామధ్య గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు పోయి గుసగుస మిగిలింది. ప్రాణానికి ఏం భయం లేదు. ఆ గుసగుసతోనే అత్తతో రోజూ గొడవపడతాడు, గెలుస్తాడు కూడా.

మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది. మూత కీలు విరిగింది, బ్యాటరీ చచ్చింది. మా ఆవిడ దాన్ని పాత సామాన్లవాడికి వేసి ప్లాస్టిక్ బుట్ట తీసుకుందామని చూస్తోంది. అలాంటి పాత మెషీన్‌ను ఇంటి సర్వర్‌గా మార్చవచ్చని వీడియోల్లో చూశాను. పాటలు, ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో పెడితే వైఫై ద్వారా ఇంట్లో టీవీలో చూసుకోవచ్చు. సరేనని అందులో వేలు పెట్టాను. మూత వేసినప్పుడల్లా అది నిద్రపోయేది. దాన్ని నిద్రపోకుండా చేయడానికి నా నిద్ర చాలా పోయింది. తర్వాత ఇంటిల్లిపాది ఫోన్లలోనూ, మెమరీ కార్డుల్లోనూ ఉన్న నాయన పాటలన్నీ అందులోకి ఎక్కించాను. వాటితో పాటు అత్త ఫోన్లోని గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా వచ్చిపడ్డాయి.

నాయన తన గొంతు తాను వినాలన్నది ఒక కారణం. అసలు కారణం వేరు.

మేం చిన్నప్పుడు చర్చిలో కోత పండుగ కోసం నాయన ఒక పాట కట్టాడు. మొదటి చరణం విత్తనం గురించి, రెండోది వాన గురించి. మూడో చరణం మాత్రం అమ్మ కట్టింది. ఆమె పక్కన కూర్చుని కంజర వాయించేది. తాళం కంటే వెంట్రుకవాసి ముందే కొట్టేది. ప్రతి చరణానికి ముందు “ఊఁ, ఎత్తుకో” అని మొదటి మాట అందించేది. అందించేవాళ్లు ఉన్నారు కాబట్టి నాయన ఆ చరణాన్ని గుర్తుపెట్టుకోనే లేదు. ఎవరూ రాసుకోలేదు. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లాక ఆయన రెండు చరణాలు పాడి ఆగిపోయేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఒక క్రిస్మస్‌కు సునీత ఫోన్లో రికార్డు చేసినది కూడా అంతే: రెండు చరణాలు, చప్పట్లు.

ఈసారి కోత పండుగకు ఆ పాట సునీతను పాడమన్నారు మా పాస్టరు అయ్యగారు. నాయన ఒప్పుకోలేదు.

“నేను సగం పాడినానంటే నాకు రాక పాడినా. నువ్వు గూడా అట్లే పాడితే ఇంక ఆ పాట అట్లే నిల్చిపోతాది. మీయమ్మ పాలు పోతాది. మూడోది దొరికితే పాడు. ల్యాకుంటే వొద్దు.”

సంఘంలో పెద్దవాళ్లను అడిగాం. రాగం గుర్తుంది, మాటలు లేవు. ఏ మెమరీ కార్డులోనైనా దొరుకుతుందేమోనని ఒక్కొక్క ఫైలూ విన్నాను. దొరకలేదు. అమ్మ ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్ మాట్లాడడానికి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు.

పండుగకు వారం ముందు, శనివారం పొద్దున, సర్వర్‌ను ఆళ్లగడ్డ తీసుకెళ్లి టీవీ కింద అరలో పెట్టాను. మా ఇళ్లల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేసి, నూనె రాసి గానీ వాడం. బండికి రాశాం, ఫ్రిజ్‌కు రాశాం, బోరు మోటారుకూ రాశాం. అత్త నూనె సీసా పట్టుకొచ్చింది.

“ఇది పాతదే కదత్తా” అన్నాను.

“పాతదైతే ఏమప్పా, పని కొత్తదే గదా” అంది.

అందరం చేతులు చాచి కళ్లు మూసుకున్నాం. అత్త ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి కీబోర్డు మీద నూనె మెరుస్తోంది.

“చుక్క చాలదా అత్తా?”

“ఇంత పెద్దదానికి చుక్క యాడ సరిపోతాది?”

“ఉండత్తా, మిరపకాయలు తెస్తా. బజ్జీలు ఏద్దువుగాని దాంట్లో” అంది సునీత. నాయన గొంతు లేకుండానే భుజాలు కదిలేట్టు నవ్వాడు.

గుడ్డతో ఎంత తుడిచినా లాభం లేకపోయింది. ఒక్క మీటా పనిచేయలేదు. అదృష్టం కొద్దీ సర్వర్‌కు కీబోర్డుతో పనిలేదు, నా ఫోన్ నుంచి నడిపించవచ్చు. మూత వేసేశాను. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత ఆ మెషీన్‌లో చెయ్యిపెట్టి ఏదైనా మార్చడం ఎవరికీ సాధ్యం కాదు. పాస్‌వర్డు నా ఒక్కడికే తెలుసు. ఇంకోటి, ఆ ఇంట్లో నెట్ రీచార్జి అయిపోయి ఉంది. రూటర్ వెలుగుతున్నా బయటి నుంచి ఏదీ వచ్చే దారి లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం భోజనానికి కూర్చున్నాం. మటన్ కూర, ఎండ, తీసిన తలుపులు. భయపడడానికి ఏ కారణమూ లేని మధ్యాహ్నం. నాయన రిమోట్ నొక్కి సునీత రికార్డు చేసిన కోత పాట పెట్టాడు. మొదటి చరణం వచ్చింది. రెండోది వచ్చింది. నేను చప్పట్ల కోసం చూస్తూ ముద్ద కలుపుతున్నాను.

చప్పట్లు రాలేదు.

కంజర వినిపించింది. తాళం కంటే వెంట్రుకవాసి ముందు. తర్వాత, “ఊఁ, ఎత్తుకో.”

ఆ తర్వాత నాయన గొంతు, పడుచు గొంతు, మూడో చరణం అందుకుంది.

“పరిగె ఏరు చేతి కొరకు పన విడిచిన దేవా, మిగిలినదే మా పాలని మురిసితిమి దేవా.”

కోసిన చేలో వదిలేసిన పనలు, అంటే పైరు కట్టలు, రాలిన కంకులు ఏరుకునేవాళ్ల చరణం అది. పెళ్లి కాకముందు అమ్మ చేసిన పని అదే. అత్త గరిటె గాల్లోనే ఉంది. సునీత చేతిలో ఫోన్ ఉంది, కానీ రికార్డు నొక్కాలని తోచలేదు. నాకూ తోచలేదు. నాయన మాత్రం టీవీ వైపు కూడా చూడలేదు. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. పాట అయిపోయింది. భయం వేసిందా అంటే లేదు. ఎవరో ఇంట్లోకి వచ్చి, బాగున్నారా అని అడిగి పోయినట్టు అనిపించింది.

అంతలో ప్రహరీ అవతల నుంచి పక్కింటి శెట్టిగారి భార్య కేక వేసింది. మా అమ్మకు ఆమె మంచి స్నేహితురాలు.

“ఏమప్పా, మీయమ్మ పాట యాడ దొరికింది? కంజర ఇనపడ్తాంటే పొయ్యి కాడ పని ఇడిసిపెట్టి వచ్చినా!”

మళ్లీ పెట్టాం. రెండు చరణాలు, చప్పట్లు. ఇంకోసారి పెట్టాం. అంతే.

ఆ రోజే ఫైలు మొత్తం తిరగేశాను. నిడివి రెండు చరణాలదే. సర్వర్‌లో ఏ పాట ఎంతసేపు మోగిందో నమోదవుతుంది. అందులోనూ మామూలు నిడివే ఉంది. ఆ పేరుతో ఇంకో ఫైలు లేదు. మా స్కూల్లో కంప్యూటర్ టీచరుకు చెబితే, నాయన మనసులో ఉన్నదే మీకందరికీ వినిపించినట్టు అనిపించి ఉంటుంది అన్నాడు. ఉండవచ్చు. మరి ప్రహరీ అవతల ఉన్న శెట్టిగారి భార్య సంగతేమిటని అడిగాను. చాక్‌పీసు తీసుకుని క్లాసుకు పోయాడు.

నా అసలు బాధ వేరే. విశ్వాసినైన నేను దీన్ని ఏమనుకోవాలి? అయ్యగారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు.

“గాడిద చేత మాట్లాడించిన దేవునికి ల్యాప్‌టాప్ ఒక లెక్కా అప్పా? పాట వచ్చింది గదా, పాడించండి. సంఘంలో లేచి సాచ్చెం చెప్పేటప్పుడు మాత్రం జాగర్తగా చెప్పు. రేపట్నుంచి సంఘమంతా టీవీలకు నూనె పోస్తారు.”

మేం రికార్డు చేయకపోయినా ఒక్కసారి విన్నదాంతోనే ఆ చరణం నాయనకు నిలిచిపోయింది. వారమంతా గుసగుసగా ఒక్కొక్క మాటే సునీతకు నేర్పించాడు. ఎన్నో ఏళ్లు పట్టుబడని చరణం ఒక్క వినికిడితో ఎలా వచ్చిందని అడిగితే, “ఇప్పుడు అందిచ్చేటోళ్లు ల్యారు గదా” అన్నాడు.

కోత పండుగనాడు చర్చి నిండా బియ్యం, శనగలు, అరటిగెలలు. అత్త తెచ్చిన గుమ్మడికాయను వేలంలో నాయనే, ఆమె మీద పంతానికి, పాడుకున్నాడు. తర్వాత సునీత లేచింది. మొదటి చరణం, రెండోది. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆమె ఇంకా నిలబడి ఉండడం చూసి ఆగాయి. ముందు బెంచీలో కూర్చున్న నాయన, తాళం కంటే వెంట్రుకవాసి ముందు, చెక్క మీద వేళ్లతో కొట్టాడు.

“ఊఁ, ఎత్తుకో” అన్నాడు.

పక్కన కూర్చున్న నాకు తప్ప ఆ గుసగుస ఎవరికీ వినిపించి ఉండదు. సునీత ఎత్తుకుంది.

సర్వర్ ఇప్పటికీ ఆళ్లగడ్డలో టీవీ కింద నడుస్తోంది. దాని ఘనతంతా తన నూనెదేనంటుంది అత్త. నేను వెళ్లినప్పుడల్లా ఆ పాత రికార్డు ఒకసారి పెడతాను. రెండో చరణం అయిపోతుండగా ఇల్లంతా మాట ఆపేస్తుంది. చప్పట్లు వస్తాయి. మళ్లీ అన్నం తింటాం. ఆ మెషీన్‌లో నేను ఎక్కించినవి రెండు చరణాలే. మూడోది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.